ఒత్తు పట్టే మనిషి

మా నాన్న వేంకటేశ్వర్లు ముప్పై ఐదేళ్ళు సన్నాయి మేళంలో పనిచేశాడు. అన్నేళ్ళలో ఒక్క పాట కూడా వాయించలేదు. వినేవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది కాబట్టి ముందే వివరంగా చెబుతాను.

మేళంలో నాదస్వరం వాయించే పెద్ద ముందు కూర్చుంటాడు. డోలు ఆయన పక్కన ఉంటుంది. వెనక ఇంకొకాయన పొడవాటి గొట్టం ఒకటి పట్టుకుని, ఒకే స్వరాన్ని మొదటి నుంచి చివరిదాకా ఊదుతూ ఉంటాడు. దాన్ని ఒత్తు అంటారు. ముందున్న పెద్దాయన ఊపిరి తీసుకోవడానికి పాట ఆపినా ఒత్తు ఆగకూడదు. మరి ఒత్తు పట్టే మనిషి ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడంటే, ఊదుతూనే తీసుకుంటాడు. బుగ్గల్లో నిలవ ఉంచిన గాలిని గొట్టంలోకి నెడుతూ, ఆ క్షణంలోనే ముక్కుతో కొత్త గాలి లోపలికి లాగుతాడు. పెళ్ళిళ్ళలో అతని వైపు ఎవరూ చూడరు. వీడియో తీసేవాళ్ళు కూడా పెద్దాయన వేళ్ళ మీదికే వెళతారు.

ఆరేళ్ళ కిందట నాన్న మేళంలోకి కరెంటు శ్రుతిపెట్టె వచ్చింది. మీట నొక్కితే అదే స్వరం, ఎంతసేపు కావాలంటే అంతసేపు. అప్పటినుంచి నాన్న తెనాలిలో మా బాబాయి సెలూన్‌లో తువ్వాళ్ళు ఉతికి ఆరేయడం, నీళ్ళు పట్టడం లాంటి పనులు చేస్తున్నాడు. కత్తెర పట్టడం ఆయనకు చేతకాదు. బాబాయి ఏమీ అనడు గానీ, వచ్చినవాళ్ళు కూర్చోమంటే కూర్చోవడానికి కూడా నాన్న మొహమాటపడతాడు.

నేను ఫిజియోథెరపీ చదివాను. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటి మనిషిని నేనే. రోజూ తెనాలి నుంచి రైల్లో బాపట్ల వెళ్ళి అక్కడొక క్లినిక్‌లో పనిచేస్తాను. ఊపిరితిత్తుల జబ్బు చేసి తగ్గినవాళ్ళకి, ఆయాసం ఉన్నవాళ్ళకి శ్వాస వ్యాయామాలు చేయించడం నా పని. దానికి మూడు బంతులున్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇస్తాం. గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. నా ముందు అందరూ చేస్తారు, ఇంటికెళ్ళాక ఎవరూ చెయ్యరు. అన్నమ్మ టీచర్ గారైతే మొహం మీదే చెప్పేశారు. "ఆ బంతులాట నాకెందుకమ్మడూ, మా మనవరాలికిచ్చేశాను. అది బాగా ఆడుకుంటోంది."

నాన్న ఇప్పటికీ పొద్దున్నే పెరట్లో కుళాయి పక్కన కూర్చుని పావుగంట ఒత్తు పడతాడు. ఎందుకని అడిగితే, ఒత్తు కొసన పెట్టి ఊదే రెల్లు పీక ఎండిపోకుండా అంటాడు. ఒకరోజు నేను ఫోన్‌లో టైము పెట్టి చూశాను. పదకొండు నిమిషాలు ఎక్కడా తెగలేదు. మర్నాడు ఆయన్ని క్లినిక్‌కి తీసుకెళ్ళి, ఊపిరి కొలిచే మిషన్‌లో ఊదించాను. మా డాక్టర్ గారు కాగితం చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశారు. "అరవై రెండేళ్ళా? ఈయన్ని మన పేషెంట్లకి చూపించు" అన్నారు. మేడమీది హాలు శనివారం పొద్దున్న పూట వాడుకోమన్నారు.

నా ఆలోచన చాలా మామూలుది. ముందు ఇరవై నిమిషాలు అందరూ కళ్ళు మూసుకుని ఆ ఒక్క స్వరం వినాలి. మనసు నెమ్మదిస్తే ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. ఆ తర్వాత గాలిని కొంచెం కొంచెంగా, తెగకుండా వదలడం నాన్న నేర్పుతాడు. ఒత్తు వింటే జబ్బు నయమవుతుందని నేను ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. మందులు మానొద్దనీ, ఇన్‌హేలర్ వెంట తెచ్చుకోమనీ అందరికీ విడివిడిగా చెప్పాను.

నాన్న మొదట నవ్వాడు. "పేషెంట్లకి నేనేం చెబుతానే?" అన్నాడు. తర్వాత మూడు రోజులకు అమ్మ చేత ఒత్తు సంచికి కొత్త నాడా కుట్టించుకున్నాడు. బాబాయితో శనివారాలు రానని చెప్పాడు. భోంచేస్తూ చేస్తూ ఆగి, "ముసలాళ్ళని బుగ్గలు పూరించమంటే నవ్వుకుంటారేమో కదూ" అని అడిగేవాడు. ఆరేళ్ళ తర్వాత నాన్న ఒక పని గురించి ముందుగా ఆలోచించడం చూస్తున్నాను. ఆ పని ఆయనకు దక్కాలని నేను ఎంత కోరుకున్నానో చెప్పలేను.

పాడుచేసింది కూడా నేనే.

తరగతి గురించి ఫోన్‌లో ఒక కాగితం తయారుచేశాను. నాదస్వరం బొమ్మ పెట్టాను. దాని కింద పెద్ద అక్షరాల్లో, "ప్రముఖ నాదస్వర విద్వాన్ శ్రీ వేంకటేశ్వర్లు గారిచే" అని రాశాను. బాపట్ల, తెనాలి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. అన్నమ్మ టీచర్ గారు వాళ్ళ లూథరన్ చర్చి స్త్రీల గ్రూపులో కూడా పెట్టారు. గురువారం మధ్యాహ్నానికి అది తిరిగి తిరిగి సెలూన్‌లో బాబాయి ఫోన్‌కి చేరింది.

ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"శనివారం నేను రావట్లేదమ్మా."

"ఏంటి నాన్నా, ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది. ఆ కాగితంలో ఉన్నాయన్ని పిలుచుకో."

లోపలినుంచి అమ్మ, "ఆ కాగితంలో ఉంది నువ్వేగా" అంది.

"నేను కాదు హైమా. ఆయనెవరో విద్వాన్ అంట."

నేను ఆయన మొహమాటపడుతున్నాడనుకుని సర్దిచెప్పబోయాను. గౌరవంగా ఉంటుందని రాశాననీ, అందరూ అలాగే రాసుకుంటారనీ అన్నాను. నాన్న కోప్పడలేదు. నా పక్కన మంచం మీద కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"చూడమ్మా. విద్వాన్ అంటే పాట పట్టినవాడు. పెద్దాయన పదేళ్ళప్పుడు మొదలుపెడితే ముప్పై దాటాక ఆయన్ని ఆ మాట అన్నారు. నేను ఆయన వెనక కూర్చున్నవాణ్ణి. ఇప్పుడు ఆ కాగితం రేపల్లెలో ఆయన చూస్తాడు. మేళం వదిలిపెట్టాక వేంకటేశ్వర్లు నా పాట ఎత్తుకుపోయి తనదని చెప్పుకుంటున్నాడు అనుకుంటాడు. అలా ఆయన అనుకున్నాక నేనెక్కడ కూర్చుని ఊదను?"

"ఆయనే కదా నాన్నా నిన్ను వద్దన్నది."

"అది వేరు."

ఇంకో మాట కూడా అన్నాడు. "మీ పేషెంట్లలో ఒకళ్ళు లేచి, ఒక కీర్తన వాయించండి విద్వాన్ గారూ అంటే? అప్పుడేం చెయ్యను? పారిపోనా?"



శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. జంపని దాటేదాకా ఏం చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. భట్టిప్రోలు వచ్చేసరికి అనుకున్నదంతా పోయి, తప్పు నాది అన్న ఒక్క మాట మిగిలింది.

శ్రీనివాసరావు గారు నాన్న మేళానికి పెద్ద. నాన్న ఆయన్ని పెద్దాయన అంటాడు, నేను పెదనాన్న అంటాను. వసారాలో బల్ల మీద కూర్చుని పీకలు ఎండలో పెట్టుకుంటున్నారు. నన్ను చూసి తల కూడా ఎత్తలేదు.

"రావమ్మా, విద్వాన్ గారి అమ్మాయీ" అన్నారు.

అంటే కాగితం చూశారన్నమాట.

"తప్పు నాది పెదనాన్నా. నాన్నకి చెప్పకుండా నేనే రాశాను. చూసిన దగ్గర్నుంచీ ఆయన సరిగ్గా అన్నం తినట్లేదు."

"ఎందుకు రాశావ్?"

"గౌరవంగా ఉంటుందని."

"ఒత్తు పట్టేవాడు అని రాస్తే గౌరవం ఉండదా?"

నేను తలవంచుకున్నాను. స్కూల్లో, కాలేజీలో తండ్రి వృత్తి అన్న చోట నేనెప్పుడూ నాదస్వర కళాకారుడు అనే రాశాను. ఒత్తు అని ఒక్కసారి కూడా రాయలేదు. అది నాన్నకి తెలియదు. పెదనాన్నకి మాత్రం నా మొహం చూస్తే తెలిసిపోయినట్టుంది. కొంచెం మెత్తబడ్డారు.

"మీ నాన్న ఏం చేసేవాడో నీకు తెలుసా అసలు?"

"ఆపకుండా ఊదేవాడు."

"అది పెట్టె కూడా చేస్తుంది" అని, లోపలినుంచి శ్రుతిపెట్టె తెచ్చి మీట నొక్కారు. స్వరం మొదలైంది. "ఎలా ఉంది?"

"బానే ఉందండి."

"బానే ఉంటుంది. దానికి జలుబు చెయ్యదు, టిఫిన్ అడగదు. కాకపోతే అది చెప్పింది నేను వినాలి గానీ, నేను చెప్పేది అది వినదు. ఎండాకాలం పందిట్లో పీక వేడెక్కిందంటే నా స్వరం వెంట్రుకవాసి పైకి పోద్ది. మీ నాన్న నాకంటే ముందు పసిగట్టేవాడు. తనూ అంతే పైకి వచ్చేసేవాడు. తప్పు నేను చేశానని పందిట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు పెట్టె ఉన్నచోటే ఉంటుంది, నేను దొరికిపోతాను." మీట ఆపేశారు. "మొన్న కారంచేడు పెళ్ళిలో ఒకాయన అననే అన్నాడు, ఏంటండీ ఈమధ్య మీది కాస్త తేడాగా ఉంటోందీ అని. ఈమధ్యేం కాదు, ముప్పై ఏళ్ళ నుంచీ తేడాగానే ఉంది. సర్దే మనిషి ఉండేవాడు."

ఇంత వివరంగా నాన్న గురించి ఎవరూ నాతో చెప్పలేదు. నాన్న కూడా చెప్పలేదు.

"ఈ మాట మీరు నాన్నకి చెబితే బాగుంటుంది పెదనాన్నా."

ఆయన చాలాసేపు పీకలు అటూ ఇటూ తిప్పారు. "మనుషులు తక్కువుంటే చాలన్నారు పెళ్ళివాళ్ళు. సరే అన్నాను. ఆ సంగతి మీ నాన్నకి ఎదురుగా చెప్పలేక డోలాయనతో కబురు పెట్టాను. ఆరేళ్ళయింది. వాడు నా మీద కోపంగా ఉన్నాడనే నేను ఫోన్ చెయ్యలేదు."

"నాన్నకి కోపం లేదండి. మీకు కోపం వస్తుందని భయం."

"సర్లే. అది నేను చూసుకుంటాను. నువ్వు రాసింది నువ్వు దిద్దు. ఏమని రాస్తావ్?"

"ఒత్తు వేంకటేశ్వర్లు అని."

"రాయి. చదివినోళ్ళలో సగం మందికి అర్థం కాదు. అర్థం కాకపోతే అడుగుతారు. అడిగితే వాడే చెబుతాడు."

ఇంటికొచ్చేసరికి సాయంత్రం అయింది. నాన్న పెరట్లో గిన్నెలో నీళ్ళు పోసి పీక నానబెడుతున్నాడు. ఏమీ తెలియనట్టు, "ఏంటి నాన్నా, ఎక్కడికైనా ప్రయాణమా?" అన్నాను.

"పెద్దాయన ఫోన్ చేశాడు."

"ఏమన్నారు?"

"పీక నానబెట్టుకోమన్నాడు."

అంతకంటే ఇంకేమైనా మాట్లాడుకున్నారేమో నాకు తెలియదు. నాన్న కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నేను కొత్త కాగితం చూపించాను. చదివాడు.

"ఈ శ్రీ కూడా తీసెయ్యి."

"శ్రీ అందరికీ రాస్తారు నాన్నా."

"అయితే ఉండనీ." మళ్ళీ చదివి ఫోన్ ఇచ్చేశాడు. "వస్తాను. కానీ పాట అడిగితే?"

"రాదని నేను చెబుతాను."

"నువ్వు చెబితే దాచినట్టుంటుంది. చెబితే నేనే చెప్పాలి. చెప్పగలనో లేదో అక్కడికెళితే గానీ తెలీదు."

శనివారం పదకొండు మంది వచ్చారు. అన్నమ్మ టీచర్ గారు ముందు వరసలో కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు క్లాసులో గొంతెత్తి చెప్పిన మనిషి, ఇప్పుడు ఒక వాక్యానికి రెండుసార్లు ఆగుతున్నారు. ఆమె పక్కన బర్నబాస్ గారు. ఆయన చెరుకుపల్లి దగ్గర రైసుమిల్లులో చేసినన్నాళ్ళూ ఊక దుమ్ము మింగారు. ఆయాసం ఎంత ఉన్నా మాట మాత్రం ఆపరు.

నాన్న కోసం ముందు ఒక కుర్చీ వేసి, దాని మీద దుప్పటి పరిచాను. నాన్న లోపలికొచ్చి, గోడలు చూసి, పైకప్పు చూసి, ఒకసారి చప్పట్లు కొట్టి విన్నాడు.

"ఇక్కడ కాదమ్మా. ఇది పందిట్లో ఊదే వస్తువు. ఈ నాలుగు గోడల మధ్య ఊదితే వీళ్ళకి ఆయాసం తగ్గడం కాదు, తలనొప్పి వస్తుంది."

అంత చదివిన నాకు ఈ సంగతి తోచలేదు. ఆయన హాలు బయట మెట్ల దగ్గర వరండాలో చాప వేసుకున్నాడు. తలుపు ఒక రెక్క మూయించాడు, ఒక రెక్క తెరిపించాడు. కూర్చున్నవాళ్ళకి ఆయన కనపడడు.

"పేషెంట్లకి నువ్వు కనపడాలి కదా నాన్నా."

"వినపడితే చాలు."

అప్పుడే బర్నబాస్ గారు లేచి వరండాలోకి వచ్చారు. ఒత్తును పైనుంచి కిందిదాకా చూశారు.

"అన్నయ్యా, సన్నాయి చూసి ఎన్నాళ్ళయిందో. మా పాప పెళ్ళికి పెట్టిద్దామనుకున్నా, బ్యాండే పెట్టించారు. ఏదైనా మంచి పాట ఒకటి అందుకో ముందు. ఆ తర్వాత ఈ ఊపిరి సంగతి చూద్దాం."

లోపలినుంచి ఇద్దరు ముగ్గురు, అవునండి, ఒక పాట అన్నారు. నేను నాన్న వైపు చూశాను. ఆయన చేతిలోని పీకను చూసుకుంటున్నాడు. నేను నోరు తెరవబోయి, ఆయన చెప్పిన మాట గుర్తొచ్చి ఆగిపోయాను. అంత కష్టంగా నేనెప్పుడూ ఊరుకోలేదు.

"నాకు పాట రాదండి" అన్నాడు నాన్న.

బర్నబాస్ గారు నవ్వారు. "ఊరుకో అన్నయ్యా, బతిమాలించుకుంటావా?"

"నిజంగా రాదండి. ఇది పాట వచ్చే సన్నాయి కాదు. దీన్ని ఒత్తు అంటారు. ఇదిగో, ఈ రంధ్రాలు మైనంతో మూసేసి ఉన్నాయి చూడండి. ఇందులో ఒక్క స్వరమే వస్తుంది. పాట వాయించేది మా పెద్దాయన, ఆయన రేపల్లెలో ఉంటాడు. నేను ఆయన వెనక ఈ ఒక్కటీ పట్టేవాణ్ణి."

ఇంత పొడుగు మాట నాన్న కొత్తవాళ్ళ ముందు మాట్లాడటం నేను చూడలేదు. బర్నబాస్ గారు వంగి మైనం వేలితో తాకి చూశారు.

"ఒక్కటేనా? మరి విసుగు పుట్టదా?"

"మొదటి ఏడాది పుట్టిందండి."

లోపలినుంచి అన్నమ్మ టీచర్ గారు, ఆగి ఆగి అడిగారు. "ఎంతసేపు... పడతారండి ఊపిరి?"

"నడుము నెప్పి పుట్టేదాకానండి. ఊపిరికి ఇబ్బంది లేదు."

"అయితే మాక్కావలసింది అదేగా. పాటలు రేడియోలో వస్తాయి. కూర్చో బర్నబాసూ."

నాన్న మొదలుపెట్టాడు. తలుపు సందులోంచి స్వరం లోపలికి వచ్చింది. ముందు పెద్దగా అనిపించింది, తర్వాత ఫ్యాను చప్పుడుతో కలిసిపోయింది, ఆ తర్వాత ఫ్యాను చప్పుడు వినిపించడం మానేసింది. నేను వరసల మధ్య నడుస్తూ భుజాలు చూస్తున్నాను. ఆయాసం ఉన్నవాళ్ళు ఊపిరి భుజాలతో లాగుతారు. నాలుగో నిమిషంలో ఒకళ్ళవి, ఆరో నిమిషంలో ఇంకొకళ్ళవి దిగాయి. టీచర్ గారి నాడి పట్టుకుని లెక్కపెట్టాను. వచ్చినప్పుడు తొంభై ఎనిమిది ఉంది, ఇప్పుడు ఎనభై నాలుగు. బర్నబాస్ గారు ఏకంగా గుర్రు పెట్టారు. ఎవరో నవ్వారు, నవ్వు కూడా నెమ్మదిగానే వచ్చింది.

పద్దెనిమిది నిమిషాలయ్యాక నాన్న ఆపాడు. 

తర్వాత నాన్న లోపలికి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే వచ్చాడు. చేతిలో బొప్పాయి ఆకుల కాడలు ఒక కట్ట ఉంది. అవి ఎప్పుడు కోసుకొచ్చాడో నేను చూడలేదు. లోపల బోలుగా ఉండే ఆ కాడలతోనే చిన్నప్పుడు తనకు నేర్పారట. తలా ఒక గ్లాసు నీళ్ళు పోయించి, కాడ నీళ్ళలో పెట్టించాడు.

"ఊదండి. గట్టిగా వద్దు. బుడగలు ఒక వరసన రావాలి. ఆయాసం వస్తే వెంటనే ఆపెయ్యండి, పట్టుదల వద్దు. బర్నబాస్ గారూ, మీరు నీళ్ళు ఎగరగొడుతున్నారు, ఇది ఊక తూర్పారబట్టడం కాదు."

"మిల్లులో అలవాటు అన్నయ్యా."

"నిదానం. పక్కవాళ్ళతో పోటీ ఏం లేదు."

మా కాలేజీలో ఇలాంటిదే ప్లాస్టిక్ సీసాతో నేర్పారు. ఎందుకు పనిచేస్తుందో నేను కారణాలతో సహా చెప్పగలను. కానీ నేను చెప్పేటప్పుడు వాళ్ళు గడియారం చూసేవాళ్ళు. నాన్న ఒక్కొక్కరి ముందు గొంతుక్కూర్చుని బుడగలు చూస్తుంటే, ఆయన మెచ్చుకోవాలని ఎదురుచూస్తున్నారు. నేను తొమ్మిది అంకెలు లెక్కపెట్టేదాకా టీచర్ గారు బుడగలు వదిలి, కాడ తీసి, చెమట తుడుచుకున్నారు.

"బాగుందండి" అన్నాడు నాన్న. "రేపు కూడా తొమ్మిదే చెయ్యండి. పది వద్దు. తొమ్మిది సుఖంగా వచ్చాక పది."

"మా క్లాసులో నేనూ ఇలాగే చెప్పేదాన్ని" అన్నారావిడ. ఆ వాక్యంలో ఎక్కడా ఆగలేదు. ఆ సంగతి ఆవిడ గమనించలేదు, నేను గమనించాను.

బర్నబాస్ గారు నా వైపు వేలు చూపించారు. "మరి డాక్టరమ్మ చెయ్యదా? మాకేనా శిక్ష?"

"చేస్తుంది" అన్నాడు నాన్న. ఒక కాడ, ఒక గ్లాసు నా చేతికిచ్చాడు.

ఊదాను. బుడగలు వచ్చాయి. ముక్కుతో గాలి తీసుకోబోయేసరికి తెగిపోయాయి. మళ్ళీ ఊదాను. ఈసారి నీళ్ళు ముక్కులోకి వెళ్ళి దగ్గొచ్చింది. పదకొండు మందీ నవ్వుతున్నారు. నాన్న నవ్వలేదు. నా బుగ్గ మీద రెండు వేళ్ళు పెట్టి, ఎక్కడ గాలి నిలవాలో అక్కడ మెల్లగా నొక్కాడు.

"ఇక్కడ ఉంచుకోవాలి. అంతా ఒకేసారి ఇచ్చేస్తున్నావు. మళ్ళీ" అన్నాడు.